మేకపోతు బహుమతి నుంచి ప్రపంచ కప్పు దాకా: ఒడిశా క్రీడోత్సవాలు ఎవరికి ఏమి మిగిల్చాయి?

2030 కామన్వెల్త్ క్రీడల ఆతిథ్యం 2025 నవంబరులో అహ్మదాబాదుకు ఖరారయింది. 2036 ఒలింపిక్స్‌ను సైతం అక్కడికే రప్పించాలన్నది భారత ప్రభుత్వ సంకల్పం. ఇక రానున్న సంవత్సరాలలో స్టేడియాల నమూనాలు, ఖర్చుల లెక్కలు, పతకాల అంచనాలు పత్రికల నిండా పరచుకుంటాయి. పెద్ద క్రీడోత్సవం జరిగితే దేశంలో క్రీడా ప్రమాణాలు వాటంతట అవే పెరుగుతాయనీ, యువత మైదానాల వైపు మళ్ళుతుందనీ, ఊళ్ళు బాగుపడతాయనీ చెప్పేవారికి కొదవ ఉండదు. ఈ మాటల్లో నిజమెంతో తేల్చుకోవడానికి దూరదేశాల ఉదాహరణలు వెదకనక్కరలేదు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, జయపురం తెలుగువారు తరతరాలుగా నివసిస్తున్న ఒడిశాయే ఈ ప్రయోగాన్ని దేశంలో మరే రాష్ట్రమూ చేయనంత విస్తారంగా చేసి చూపింది. ఆ ప్రయోగ ఫలితాలను పరిశీలించే సమయం ఇదే.

రాంచీ తప్పుకున్న తర్వాత 2017 జూలైలో ఆసియా అథ్లెటిక్స్ పోటీలకు భువనేశ్వర్ ఆతిథ్యమిచ్చింది. కళింగ స్టేడియాన్ని సుమారు మూడు నెలల వ్యవధిలో అందుకు సిద్ధం చేశారు. 2018 ఫిబ్రవరిలో భారత హాకీ జట్లకు ఒడిశా ప్రభుత్వం ప్రాయోజకత్వం ప్రకటించింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం జాతీయ జట్టు చొక్కా మీద తన పేరు వేయించుకోవడం అంతకు ముందు దేశం ఎరుగనిది. అదే ఏడాది చివర పురుషుల హాకీ ప్రపంచ కప్పు, 2022లో బాలికల అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచ కప్పులో భారత జట్టు మ్యాచ్‌లు, 2023 జనవరిలో భువనేశ్వర్, రూర్కెలా నగరాలలో మళ్ళీ హాకీ ప్రపంచ కప్పు జరిగాయి. ఈ మధ్యలోనే, 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో, 41 సంవత్సరాల విరామం తర్వాత పురుషుల హాకీ జట్టు పతకం గెలిచింది. 2024 పారిస్ క్రీడలలో మరో కాంస్యం దక్కింది. ప్రభుత్వం మారినా ఈ విధానం మారలేదు. 2024లో అధికారానికి వచ్చిన కొత్త ప్రభుత్వం హాకీ ప్రాయోజకత్వాన్ని 2036 వరకు పొడిగించింది.

దీన్నిబట్టి ఉత్సవాలు జరిపారు కనుక పతకాలు వచ్చాయని తేల్చివేయడం సులభం. అలా తేల్చివేసిన ప్రసంగాలు ఇప్పటికే కావలసినన్ని వినబడ్డాయి. అయితే సుందర్‌గఢ్ జిల్లాను కలపకుండా వేసిన లెక్క ఏదైనా తప్పుడు లెక్కే అవుతుంది.

సుందర్‌గఢ్ సంగతి

జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులను ఆనుకుని ఉన్న ఈ జిల్లా జనాభాలో సగానికి పైగా ఆదివాసులే. ఓరాన్, ముండా, ఖరియా గూడేలలో హాకీ ప్రభుత్వాల కంటే పాతది. క్రైస్తవ మిషనరీల పాఠశాలల ద్వారా ఛోటానాగపూర్ పీఠభూమికి వచ్చిన ఈ ఆట, ముండా యువకుడైన జైపాల్ సింగ్ 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో భారత జట్టు నాయకుడయ్యే నాటికే అక్కడి నేలలో వేళ్ళూనుకుంది. వెదురు మొదలును వంచి కర్రగా చేసుకుని పిల్లలు ఆడతారు. పండుగలప్పుడూ, పంట చేతికి వచ్చాకా ఊరికీ ఊరికీ మధ్య పోటీలు జరుగుతాయి. గెలిచిన జట్టుకు బహుమతి విత్తు తీసిన మేకపోతు. అందుకే వాటిని ఖస్సీ టోర్నమెంట్లు అంటారు. గెలిచిన ఊరు ఆ రాత్రి విందు చేసుకుంటుంది.

మేకపోతు అనగానే నవ్వుకోనక్కరలేదు. క్రీడోత్సవానికి ఉండవలసిన సామాజిక ప్రయోజనాలన్నీ అందులో ఉన్నాయి. చూసేవారికీ ఆడేవారికీ మధ్య కంచె లేదు. ఇవాళ గట్టు మీద కూర్చున్న పిల్లవాడు వచ్చే ఏడాది మైదానంలో ఉంటాడు. ఆడపిల్లలు ఆడితే వద్దనేవారు తక్కువ. సంవత్సరంలో ఎన్నో పోటీలు కాలినడకన వెళ్ళగలిగినంత దూరంలోనే జరుగుతాయి గనుక, పదిహేనేళ్ళు నిండేసరికి ఒక్కో పిల్లవాడు లెక్కలేనన్ని మ్యాచ్‌లు ఆడి ఉంటాడు. నైపుణ్యానికి మూలం ఆ లెక్కలేనితనమే. శిక్షణా శాస్త్రం ఎంత పెరిగినా, బాల్యంలో బంతితో గడిపిన గంటలకు బదులుగా నిలబడగల పరికరం ఇంకా తయారు కాలేదు.

ఆ పునాది మీద ప్రభుత్వం వేసిన తొలి మెట్టు స్టేడియం కాదు, హాస్టల్. రూర్కెలా పక్కన పాన్‌పోష్‌లో 1985లో క్రీడా వసతి గృహం వెలిసింది. అన్నం, చదువు, కర్ర, బూట్లు, శిక్షకుడు ఒకేచోట దొరికే ఏర్పాటు అది. సౌనామారా గ్రామం నుంచి వచ్చిన దిలీప్ తిర్కీ అక్కడ చేరి 400కు పైగా అంతర్జాతీయ మ్యాచ్‌లు ఆడాడు. 1996, 2000, 2004 ఒలింపిక్స్‌లలో పాల్గొన్నాడు. 2022 నుంచి హాకీ ఇండియా అధ్యక్ష పదవి చేపట్టాడు. అదే గ్రామానికి చెందిన అమిత్ రోహిదాస్ అదే హాస్టల్‌లో పెరిగి టోక్యో, పారిస్ రెండు పతకాలలోనూ భాగస్వామి అయ్యాడు. టోక్యోకు వెళ్ళిన ఒడిశా హాకీ క్రీడాకారులు నలుగురు: బీరేంద్ర లక్రా, అమిత్ రోహిదాస్, దీప్ గ్రేస్ ఎక్కా, నమితా టొప్పో. నలుగురూ సుందర్‌గఢ్ వారే. వీరంతా 2018 ప్రాయోజకత్వానికి ఎంతో ముందే తయారైనవారని వేరే చెప్పనక్కరలేదు.

మరో మెట్టు ఉద్యోగం. 1950లలో జర్మన్ సహకారంతో రూర్కెలా ఉక్కు కర్మాగారం నెలకొన్నప్పుడు ఆదివాసీ గ్రామాలు ఖాళీ అయ్యాయి, భూములు పోయాయి. ఆ గాయం మానలేదు. అదే కర్మాగారం, దానితో పాటు రైల్వేలు, ఇతర ప్రభుత్వరంగ సంస్థలు క్రీడాకారులకు కొలువులిచ్చాయి. భూమి పోగొట్టుకున్న సమాజంలో హాకీ కర్ర ఒక ఉద్యోగ దరఖాస్తుగా మారింది. దీన్ని సామాజిక ప్రగతి అనవచ్చు, సమాజం చెల్లించిన మూల్యమనీ అనవచ్చు; సుందర్‌గఢ్ కుటుంబాలకు రెండూ తెలుసు.

గడ్డి మారితే ఆట మారింది

పెద్ద ఉత్సవాలు ఆటకు మేలే చేస్తాయనుకునేవారు 1976ను గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది మాంట్రియల్ ఒలింపిక్స్‌లో హాకీని తొలిసారిగా ఆస్ట్రోటర్ఫ్ అనే కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. అప్పటికి ఏడు స్వర్ణాలు గెలిచిన భారత్ ఏడవ స్థానానికి పడిపోయింది. సహజమైన గడ్డి మీద బంతి ఎగుడుదిగుడుగా వస్తుంది. దాన్ని ఆపి, తిప్పి, మోసగించి ముందుకు తీసుకుపోయే మణికట్టు పనితనానికి అక్కడ విలువ ఎక్కువ. నునుపైన కృత్రిమ ఉపరితలం మీద బంతి వేగంగా, నేరుగా పరుగెత్తుతుంది. దూరం నుంచి బలంగా కొట్టగలిగినవాడికీ, ఆగకుండా పరుగెత్తగలిగినవాడికీ అక్కడ మొగ్గు. 1980లో అనేక దేశాలు బహిష్కరించిన మాస్కో క్రీడలలో వచ్చిన స్వర్ణాన్ని మినహాయిస్తే, భారత్ ఆ దెబ్బ నుంచి కోలుకోవడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. 2008 బీజింగ్‌కు అర్హతే దక్కలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండవ స్థానం. ఇంతకీ ఆ మాంట్రియల్ నగరం సైతం లాభపడింది లేదు. ఆ ఒలింపిక్స్ అప్పు తీరేసరికి 2006 వచ్చింది.

కృత్రిమ మైదానానికి కోట్ల రూపాయలు ఖర్చవుతాయి, ఆటకు ముందు నీళ్ళతో తడపాలి, కొన్నేళ్ళకోసారి మార్చాలి. గూడెంలో గడ్డి మీద నేర్చుకున్న పిల్లవాడు పదిహేడేళ్ళ వయసులో మొదటిసారిగా కృత్రిమ మైదానంపై అడుగు పెడితే నేర్చుకున్నదంతా మళ్ళీ నేర్చుకోవలసి వస్తుంది. ప్రతిభ వృథా అయ్యే చోటు అదే. ఈ సంగతిని ఒడిశా ప్రభుత్వం గ్రహించిందనడానికి నిదర్శనం ప్రపంచ కప్పు కాదు. సుందర్‌గఢ్ జిల్లాలోని 17 బ్లాకులలోనూ ఒక్కో కృత్రిమ హాకీ మైదానం నిర్మించాలన్న పథకం. పత్రికలలో దానికి దక్కిన చోటు రూర్కెలా స్టేడియానికి దక్కిన చోటులో పదో వంతు కూడా లేదు. ఆటగాడి ప్రమాణాన్ని పెంచేది మాత్రం ఇంటికి పది కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ మైదానమే.

2023 జనవరిలో రూర్కెలాలో ప్రారంభమైన బిర్సా ముండా అంతర్జాతీయ హాకీ స్టేడియం 20 వేల మందికి పైగా కూర్చుని చూడగలిగినది. సుమారు పదిహేను నెలల్లో నిర్మాణం పూర్తిచేశారు. జనవరి 13న స్పెయిన్‌పై ఆడిన తొలి మ్యాచ్‌లో భారత్ తరఫున మొదటి గోలు కొట్టినవాడు అమిత్ రోహిదాస్. సొంత జిల్లా, సొంత జనం, చుట్టూ నిండిన గ్యాలరీలు. ఆ సాయంత్రం విలువను రూపాయల్లో కొలవడం అవివేకం. ఆదివాసీ నాయకుడి పేరు పెట్టుకున్న మైదానంలో, ఆ జిల్లా బిడ్డ ప్రపంచ కప్పు గోలు కొట్టడం సుందర్‌గఢ్ చరిత్రలో చిన్న ఘటన కాదు.

అయినా జట్టు ఆటతీరు ఉత్సవం చెప్పినట్టు వినలేదు. న్యూజిలాండ్‌తో జరిగిన క్రాస్ ఓవర్ మ్యాచ్‌లో భారత్ 3-3తో సమంగా నిలిచి షూటౌట్‌లో ఓడింది. టోక్యోలో పతకం గెలిచిన బృందమే సొంతగడ్డ మీద క్వార్టర్ ఫైనల్ కూడా చేరలేక, చివరకు అర్జెంటీనాతో కలిసి తొమ్మిదో స్థానంతో సరిపెట్టుకుంది. శిక్షకుడు గ్రాహం రీడ్ పదవి నుంచి తప్పుకున్నారు. కప్పు జర్మనీ ఎగరేసుకుపోయింది. అదే సంవత్సరం అక్టోబరులో, కొత్త శిక్షకుడు క్రెయిగ్ ఫుల్టన్ ఆధ్వర్యంలో, ఇదే జట్టు హాంగ్‌ఝౌ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. పారిస్‌లో గ్రేట్ బ్రిటన్‌పై క్వార్టర్ ఫైనల్‌లో రోహిదాస్‌కు ఎర్రకార్డు పడగా, నలభై నిమిషాలకు పైగా పదిమందితోనే ఆడి షూటౌట్‌లో నెగ్గింది. ఈ ఆటతీరు నిండిన గ్యాలరీల వల్ల పుట్టింది కాదు. నాలుగు పావుగంటలుగా ఆట మారాక అందుకు తగిన దేహదారుఢ్యం, రక్షణ వ్యూహాల సాధన, నెలల తరబడి సాగే శిబిరాలు, ఆ శిబిరాలకు ఆగకుండా అందే డబ్బు దానికి కారణాలు. ఒడిశా ప్రాయోజకత్వం నిజంగా ఉపయోగపడింది అక్కడ.

పరుగు పోటీలో తెలుగు, ఒడియా బాటలు

హాకీని పక్కన పెడితే, ఉత్సవం తన వెనుక పనికొచ్చేది వదిలివెళ్ళిన సందర్భం ఒకటి ఉంది. 2017 పోటీల కోసం తీర్చిదిద్దిన కళింగ స్టేడియం ఆ తర్వాత ఉత్తమ శిక్షణా కేంద్రాలకు నెలవయింది. రిలయన్స్ ఫౌండేషన్‌తో కలిసి ఒడిశా ప్రభుత్వం నెలకొల్పిన అథ్లెటిక్స్ కేంద్రంలో, బ్రిటన్‌కు చెందిన శిక్షకుడు జేమ్స్ హిలియర్ వద్ద విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ హర్డిల్స్ సాధన చేసింది. వంద మీటర్ల హర్డిల్స్‌లో అడ్డంకులు పది. ఒక్కొక్కటి సుమారు 84 సెంటీమీటర్ల ఎత్తు. రెండింటి మధ్య ఎనిమిదిన్నర మీటర్లు. ఆ ఎనిమిదిన్నర మీటర్లను సరిగ్గా మూడు అంగలలో దాటాలి. పొడవైన అమ్మాయికి అది ఇరుకు, పొట్టి అమ్మాయికి అది దూరం. బలం ఒక్కటే ఉంటే సరిపోదు, లయ కుదరాలి. ఆ లయను వీడియోలో చూసి, కొలిచి, సరిదిద్దే మనిషి రోజూ పక్కన ఉండాలి.

జ్యోతి కథలో మరింత గమనించదగ్గ సంగతి వేరే ఉంది. 2020 జనవరిలో కర్ణాటకలోని మూడబిదిరెలో జరిగిన అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆమె 13.03 సెకన్లలో పరుగు ముగించింది. అది అప్పటి జాతీయ రికార్డు కంటే మెరుగు. కాని ఆ పోటీల్లో డోపింగ్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేడు. రికార్డు లెక్కలోకి రాలేదు. 2022 ఏప్రిల్‌లో కోళిక్కోడ్‌లో 13.09 సెకన్లు నమోదు చేస్తే, వెనుక గాలి సెకనుకు 2.1 మీటర్లుగా తేలింది. అనుమతించిన హద్దు 2.0. మళ్ళీ లెక్కలోకి రాలేదు. చివరకు అదే ఏడాది మే నెలలో సైప్రస్‌లో 13.23 సెకన్లు పరుగెత్తాకే పేరు పుస్తకంలోకెక్కింది. ఆమె చెరిపేసిన 13.38 సెకన్ల రికార్డు 2002 నాటిది. నెలకొల్పింది ఒడిశా అమ్మాయి అనురాధా బిస్వాల్. ఒడియా అమ్మాయి రికార్డును ఇరవై ఏళ్ళ తర్వాత ఒడిశాలో శిక్షణ పొందిన తెలుగమ్మాయి అందుకుంది. అక్కడి నుంచి ఆమె వేగంగా ఎదిగింది. 2022 అక్టోబరులో 12.82 సెకన్లు, 2023లో ఆసియా ఛాంపియన్‌షిప్ స్వర్ణం, హాంగ్‌ఝౌలో రజతం, 2024లో ఒలింపిక్స్‌లో ఈ విభాగంలో పరుగెత్తిన తొలి భారతీయురాలన్న ఘనత, 2025లో గుమిలో మళ్ళీ ఆసియా స్వర్ణం.

మూడబిదిరెలో ఆమెకు కొరవడింది గొప్ప స్టేడియం కాదు. ఒక పరీక్షాధికారి, ఒక సాంకేతిక ప్రతినిధి. ప్రారంభోత్సవానికి పెట్టే ఖర్చులో బాణాసంచా పద్దు వంతు కూడా కాని ఖర్చు. దేశంలో చిన్న పోటీల నిర్వహణ పట్ల ఎంత నిర్లక్ష్యం ఉందో చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

జ్యోతి విశాఖ నుంచి భువనేశ్వర్ వెళ్తే, అంతకు ముందే ద్యుతీ చంద్ ఒడిశా నుంచి హైదరాబాదు వచ్చింది. జాజ్‌పూర్ జిల్లా చేనేత కుటుంబంలో పుట్టిన ద్యుతీకి హైదరాబాదులో శిక్షణనిచ్చినవాడు ద్రోణాచార్య పురస్కార గ్రహీత నాగపురి రమేష్; జ్యోతి తొలిరోజుల శిక్షకులలో ఆయనా ఒకరు. శరీరంలోని హార్మోన్ల స్థాయి పేరిట 2014లో ద్యుతీని పోటీల నుంచి తప్పించినప్పుడు ఆమె అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానానికి వెళ్ళి 2015లో నెగ్గింది. 2018 ఆసియా క్రీడలలో రెండు రజతాలు సాధించింది. ఒక పేద ఇంటి అమ్మాయి ప్రపంచ సమాఖ్య నిబంధననే ప్రశ్నించి నిలవడం ఏ పతకానికీ తీసిపోని విజయం. అదే ద్యుతీ 2022 డిసెంబరులో భువనేశ్వర్‌లో ఇచ్చిన నమూనాలలో నిషిద్ధ పదార్థాలు బయటపడగా నాలుగేళ్ళ నిషేధానికి గురైంది. ఆమె కథలోని ఈ రెండు అధ్యాయాలలో ఏ ఒక్కటి విడిచిపెట్టినా కథ అబద్ధమవుతుంది.

ఎందుకంటే ఆమె ఒక్కతే కాదు. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ లెక్కల ప్రకారం 2023లో భారత్‌లో పరీక్షించిన 5,606 నమూనాలలో 213 దోషపూరితంగా తేలాయి. అంటే 3.8 శాతం. అయిదు వేలకు మించి పరీక్షలు జరిపిన దేశాలలో ఇదే అత్యధిక శాతం. అదే ఏడాది సెప్టెంబరులో ఢిల్లీ రాష్ట్రస్థాయి అథ్లెటిక్స్ పోటీలకు పరీక్షాధికారులు వచ్చారన్న వార్త పొక్కగానే పలువురు క్రీడాకారులు మైదానం విడిచి వెళ్ళిపోయారు. పురుషుల వంద మీటర్ల ఫైనల్‌లో పరుగెత్తడానికి ఒకే ఒక్కడు మిగిలాడు. రాష్ట్రస్థాయి పతకమూ, దాని ధ్రువపత్రమూ ఉద్యోగ కోటాకు తొలి మెట్టయినచోట, ఆ మెట్టు ఎక్కడానికి మందు దొరికితే వాడేవారు ఉంటారు. సుందర్‌గఢ్‌లో మేలు చేసిన ఉద్యోగాశే ఇక్కడ విషమైంది. ప్రమాణాలు పెంచడమంటే పతకాల సంఖ్య పెంచడమేనని అధికారులు అనుకున్నంతకాలం వ్యాయామశాల మూలన అమ్మే సీసాలకు గిరాకీ తగ్గదు.

హైదరాబాదు, లండన్, మన ఊరు

ఉత్సవం వేరు, సాధన వేరు అనడానికి హైదరాబాదు మరొక సాక్ష్యం. 2002 జాతీయ క్రీడలు, 2003 ఆఫ్రో-ఆసియా క్రీడల కోసం గచ్చిబౌలిలో స్టేడియాలు, క్రీడాకారుల వసతి భవనం కట్టారు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఆ పద్నాలుగు అంతస్తుల భవనాన్ని ఆసుపత్రిగా మార్చారు. కష్టకాలంలో పనికొచ్చింది, సంతోషమే. కాని క్రీడాగ్రామం ఆసుపత్రిగా మారడానికి అంత తేలికగా వీలు చిక్కిందంటే అందులో క్రీడాకారులు ఎందరున్నట్టు? అదే ప్రాంతంలో పుల్లెల గోపీచంద్, ప్రభుత్వమిచ్చిన స్థలంలో, ఇల్లు తాకట్టు పెట్టి, దాతల సాయంతో 2008లో బ్యాడ్మింటన్ అకాడమీ తెరిచాడు. తెల్లవారుజామున నాలుగున్నరకే అక్కడ దీపాలు వెలిగేవి. 2012లో సైనా నెహ్వాల్ కాంస్యం, 2016లో పి.వి. సింధు రజతం ఆ దీపాల కింద తయారైనవే.

లండన్ 2012 ఒలింపిక్స్ నినాదమే ఒక తరాన్ని ఉత్తేజపరచాలన్నది. మరుసటి ఏడాది బ్రిటన్ ఎగువ సభ కమిటీ విచారించి, దేశమంతటా ఆటలాడేవారి సంఖ్య పెరిగిందనడానికి ఆధారాలు అంతంతమాత్రమేనని తేల్చింది. టీవీలో స్వర్ణం చూసిన పిల్లవాడికి ఆ వారంరోజులూ ఉత్సాహం ఉంటుంది. ఆ వారంలో ఇంటి దగ్గర మైదానమూ, చెప్పేవాడూ దొరక్కపోతే ఉత్సాహం చల్లారుతుంది. ఇందులో మర్మమేమీ లేదు. ఆతిథ్య భారం మోయలేక ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2023లో కామన్వెల్త్ క్రీడల నుంచి తప్పుకుంది. వాటిని చేపట్టిన గ్లాస్గో 2026 క్రీడలను పది ఆటలకు కుదించింది. ఆ పదింటిలో హాకీ లేదు, బ్యాడ్మింటన్ లేదు. ఉత్సవం మీదనే ఆధారపడిన ఆటకు ఎంత భద్రత ఉందో దీన్నిబట్టి తెలుస్తుంది.

2022 అక్టోబరులో భువనేశ్వర్‌లో బాలికల ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు జరిగినప్పుడు భారత జట్టు కెప్టెన్ అస్తం ఓరాన్. జార్ఖండ్‌లోని గుమ్లా జిల్లా ఆదివాసీ అమ్మాయి. ఆమె గౌరవార్థం ఆమె ఊరికి రోడ్డు వేయిస్తుండగా, ఆ రోడ్డు పనిలో ఆమె తల్లిదండ్రులే దినకూలీలుగా మట్టి మోశారని అప్పటి పత్రికలు రాశాయి. జట్టు మూడు మ్యాచ్‌లలోనూ ఓడింది: అమెరికా చేతిలో 8-0, మొరాకో చేతిలో 3-0, బ్రెజిల్ చేతిలో 5-0. ఆతిథ్య దేశం కనుక అర్హత పోటీలు లేకుండానే చోటు దక్కిన జట్టు అది. ఆ పదహారు, పదిహేడేళ్ళ అమ్మాయిలను తప్పుపట్టడానికి వీల్లేదు. వారి వెనుక ఏళ్ళ తరబడి సాగే లీగ్ పోటీలు లేవు. ముందు మాత్రం ప్రపంచ స్థాయి స్టేడియం ఉంది.

ఇక దక్షిణ ఒడిశా సంగతి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాలకు హాకీ సంప్రదాయం లేదు. కండబలం, బరువులు, పరుగు ఉన్నాయి. సరిహద్దుకు అవతల వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు తన చివరి దినాలను ఒడిశాలోని బలంగీర్‌లో గడిపి 1942లో అక్కడే కన్నుమూశాడు. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేట నుంచి నీలంశెట్టి అప్పన్న శిష్యురాలిగా వచ్చిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 240 కిలోలు ఎత్తి, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ అయింది. ఆమెను తయారుచేసింది పల్లెలో ఒక శిక్షకుడి పట్టుదల; సమీపంలో ఏ ప్రపంచ పోటీలూ జరగలేదు. బరంపురం వీధులలో ఇప్పటికీ ఆఖడాలు, వ్యాయామశాలలు ఉన్నాయి. సుందర్‌గఢ్‌కు ఖస్సీ టోర్నమెంటు ఎలాంటిదో ఈ ప్రాంతానికి వ్యాయామశాల అలాంటిది. అక్కడ సాధన చేసే కుర్రవాడికి సరైన ఇనుప పళ్ళాలు, మోకాలి నొప్పి చూసే వైద్యుడు, నిషిద్ధ మందుల జాబితా చదివి వినిపించే శిక్షకుడు కావాలి. సంక్రాంతికీ దసరాకూ పేట కుర్రవాళ్ళు చందాలు వేసుకుని జరిపే పోటీలకు విద్యుత్ గడియారం, అర్హుడైన రిఫరీ కావాలి.

2021లో ఒడిశా ప్రభుత్వం రాష్ట్రంలోని పట్టణాలలో 89 బహుళ ప్రయోజన ఇండోర్ స్టేడియాల పథకం ప్రకటించింది. భవనం కట్టడం గుత్తేదారు పని, అది జరుగుతుంది. వాటిలో ఎన్నింటికి జీతం తీసుకునే శిక్షకుడు ఉన్నాడు, అందులో ఆడపిల్లలకు కేటాయించిన వేళలు ఏవి, పెళ్ళిళ్ళకూ సభలకూ అద్దెకివ్వకుండా సంవత్సరంలో ఎన్ని రోజులు ఆటకే ఉంచుతారు, పొద్దున్నే తలుపు తీయడానికి తాళం చెవి ఎవరి దగ్గర ఉంటుంది? బరంపురం నగరపాలక సంస్థలోనూ, రాయగడ, జయపురం, పర్లాకిమిడి పురపాలక సంఘాలలోనూ తెలుగు కౌన్సిలర్లు ఉన్నచోట ఈ ప్రశ్నలను తదుపరి సమావేశంలోనే లిఖితపూర్వకంగా అడగవచ్చు.